రేడియో రిపేరు బల్ల మీదకి ముందు ఏది, తరవాత ఏది

రేడియోలు బాగుచెయ్యడం మొదలుపెట్టినప్పుడు నేను అన్నిటికంటే ముందు కొన్నది ఆసిలోస్కోపు. తెర మీద తరంగం కనబడితే జబ్బు ఎక్కడుందో దానంతట అదే తెలిసిపోతుందని నా నమ్మకం. మొదట చేతికొచ్చిన సెట్టు చిన్న ట్రాన్సిస్టర్ రేడియో. స్టేషన్లు వస్తున్నాయి, కానీ గొంతు బాగా నీరసంగా ఉంది. స్కోపు కొలత తీగని, అంటే ప్రోబ్‌ని, తీసుకెళ్ళి, స్టేషన్ పట్టడానికి లోపల తరంగం పుట్టించే ఆసిలేటర్ కాయిల్ మీద పెట్టగానే రేడియో మూగబోయింది. తీస్తే పలికింది. మళ్ళీ పెడితే మళ్ళీ మూగ. ఆ కాయిలే పోయిందనుకుని సాయంత్రమంతా దానితో కుస్తీ పట్టాను. కాయిల్ నిక్షేపంగా ఉంది. ప్రోబ్ మీద ఉండే చిన్న స్విచ్ ×1 దగ్గర ఉంది, అదీ సంగతి. అలా ఉన్నప్పుడు ప్రోబూ దాని వైరూ కలిసి దాదాపు 100 పికోఫారడ్ల కెపాసిటర్‌తో సమానం. అంత బరువు నెత్తిన పడితే ఆ ఆసిలేటర్ ఎలా నడుస్తుంది? అసలు జబ్బు ఆడియో భాగంలో ఎండిపోయిన ఒక 10 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌ది. దాన్ని పట్టుకోడానికి స్కోపుతో పనే లేదు.

అప్పటినుంచి ఏ పరికరం కొనాలన్నా ముందు ఒకటే చూసుకుంటున్నాను: దీన్ని తగిలిస్తే రేడియో నడక మారుతుందా? మారితే ఎంత? తెర సైజు, బటన్ల సంఖ్య, పెట్టె మీద రాసిన మెగాహెర్ట్జ్‌లు అన్నీ దాని తరవాతే. రేడియోలో వోల్టేజీలు పెద్దవైనా సిగ్నళ్ళు మహా సున్నితం. యాంటెనా దగ్గర మైక్రోవోల్టుల్లో ఉంటాయి. అందుకే టీవీకో చార్జర్‌కో పనికొచ్చే సామాను రేడియోకి వచ్చేసరికి తప్పు చెప్పొచ్చు.

ఇంకో విషయం ముందే తేల్చుకోవాలి. మీరు పట్టుకునేవి బ్యాటరీ ట్రాన్సిస్టర్ సెట్లేనా, కరెంటు మీద నడిచే వాల్వు సెట్లు కూడానా? ఈ రెండు దారుల్లో కొనాల్సిన వరస వేరు.

మల్టీమీటర్: అంకెలదా, ముల్లుదా

రేడియో జబ్బుల్లో చాలా వాటిని ఒక్క మల్టీమీటరే పట్టిస్తుంది. కాబట్టి ఇక్కడ పిసినారితనం వద్దు.

డిజిటల్ మీటర్ డీసీ వోల్టుల దగ్గర సాధారణంగా 10 మెగాఓమ్‌ల లోడు. పాత ముల్లు మీటర్లలో మంచివి వోల్టుకి 20,000 ఓమ్‌లు, అంటే 10 వోల్టుల రేంజిలో 2 లక్షల ఓమ్‌లు. ఈ తేడా ఏమిటో ఒక వాల్వు సెట్టు ఏజీసీ లైను (స్టేషన్ బలాన్ని బట్టి గెయిన్‌ని, అంటే సిగ్నల్ పెంచే మోతాదుని, తనే సర్దే వోల్టేజీ) దగ్గర చూడండి. ఆ లైనుకి ముందు 1 మెగాఓమ్ రెసిస్టెన్స్ ఉందనుకుందాం. అక్కడ నిజంగా ఉన్నది మైనస్ 6 వోల్టులు. డిజిటల్ మీటర్ సుమారు 5.5 చూపిస్తుంది. ముల్లు మీటర్ 1 వోల్టు చూపిస్తుంది. దాన్ని నమ్మితే ఏజీసీ పోయిందని బాగున్న వాల్వుని పక్కన పడేస్తారు.

అలాగని ముల్లు మీటర్‌ని తీసిపారెయ్యకండి. అలైన్‌మెంట్, అంటే ట్యూనింగు కాయిళ్ళని సరిచెయ్యడం, చేసేటప్పుడు ఐఎఫ్‌టీ (ఐఎఫ్ అనే లోపలి ఫ్రీక్వెన్సీకి ట్యూన్ చేసే చిన్న ట్రాన్స్‌ఫార్మర్) కోరు తిప్పుతూ ఎక్కడ గరిష్ఠమో పట్టుకోవాలి. ముల్లు పైకెక్కి, ఒక్క క్షణం ఆగి, కిందికి వాలడం కంటికి ఇట్టే తెలుస్తుంది. అంకెలు గంతులేస్తుంటే ఆ శిఖరం ఎప్పుడు దాటిపోయామో తెలీదు. స్పీకర్ తీగల మధ్య ఏసీ వోల్టుల రేంజిలో ముల్లు మీటర్ పెట్టి అలైన్ చెయ్యడం నాకు ఇప్పటికీ ఇష్టమైన పద్ధతి. ముందు డిజిటల్ కొనండి, ముల్లుది వాడినదైనా సరే తరవాత తెచ్చుకోండి.

డిజిటల్‌లో చూడాల్సినవి: డయోడ్ టెస్టు, వెంటనే పలికే కంటిన్యూటీ బజర్, రెండు కరెంటు రేంజిలకీ ఫ్యూజులు, మెయిన్స్ మీద పనిచేసేట్లయితే నమ్మదగ్గ క్యాట్ రేటింగు (మెయిన్స్ మీద మీటర్ ఎంత భద్రమో చెప్పే గుర్తు). ట్రూ ఆర్ఎంఎస్ (వంకర ఏసీ తరంగాలని కూడా సరిగ్గా కొలవడం) కోసం అదనంగా పెట్టనక్కర్లేదు. డయోడ్ టెస్టు వాడేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. సిలికాన్ జంక్షన్ 0.6 వోల్టుల దగ్గర చూపిస్తే, పాత సెట్లలో ఉండే జెర్మేనియం ట్రాన్సిస్టర్ 0.2, 0.3 మాత్రమే చూపిస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు దాన్ని షార్ట్ అనుకుని తీసేస్తారు. వాటికి సరిజోడు దొరకడం కష్టం కాబట్టి తొందరపడొద్దు.

సీరీస్ బల్బు, ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్, వేరియాక్

బ్యాటరీ సెట్లు మాత్రమే చేసేవాళ్ళు ఈ భాగం వదిలేసి కిందికి వెళ్ళొచ్చు. మెయిన్స్ సెట్టు ఒక్కటి చేసినా సరే, ఇది పూర్తిగా చదవండి.

ఈ మూడూ ఒకే పనికి అనుకుని ఏదో ఒకటి కొనేవాళ్ళు చాలామంది. మూడింటి పనీ వేరు. సీరీస్ బల్బు, అంటే కరెంటు దారిలో సెట్టుతో వరసగా కలిపిన బల్బు, సెట్టుని కాపాడుతుంది. లోపల షార్ట్ ఉంటే బల్బు భగ్గున వెలిగి కరెంటుని తనే మింగేస్తుంది, పవర్ ట్రాన్స్‌ఫార్మర్ మాడిపోదు. షార్ట్ లేకపోతే మొదట ఒకసారి మెరిసి, కెపాసిటర్లు నిండాక మందగిస్తుంది. దీనికి ఫిలమెంటు బల్బే కావాలి, చల్లగా ఉన్నప్పుడు తక్కువ రెసిస్టెన్సూ వేడెక్కితే ఎక్కువా ఉండడమే దాని కిటుకు. ఎల్ఈడీ బల్బుతో ఈ పని జరగదు. మామూలు ఇంటి రేడియోకి 40 నుంచి 60 వాట్లది చాలు.

ఇంటి మెయిన్స్‌కీ సెట్టుకీ నేరు సంబంధం తెంపే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ మిమ్మల్ని కాపాడుతుంది. పవర్ ట్రాన్స్‌ఫార్మర్ లేని ఏసీ/డీసీ వాల్వు సెట్లలో చాసిస్ నేరుగా మెయిన్స్ వైరుకి కలిసి ఉంటుంది. ప్లగ్ ఏ వైపు తిప్పి పెట్టారన్నదాన్ని బట్టి ఆ ఇనుప చాసిస్‌కి ఫేజు రావచ్చు. ఆసిలోస్కోపు ఎర్త్ క్లిప్ ఇంటి ఎర్త్‌కి కలిసి ఉంటుంది కదా, దాన్ని అలాంటి చాసిస్‌కి తగిలిస్తే నిప్పురవ్వలే. కొందరు దీనికి విరుగుడని స్కోపు ఎర్త్ పిన్ను పీకేస్తారు. దయచేసి ఆ పని ఎప్పుడూ చెయ్యకండి. అప్పుడు స్కోపు ఒళ్ళంతా ఫేజు వచ్చేస్తుంది. ఐసొలేట్ చెయ్యాల్సింది రేడియోని, స్కోపుని కాదు. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ వెనక ఉన్న సెట్టులో షాక్ కొడితే ఇంటి ట్రిప్పర్ పడిపోదు అన్నది కూడా తెలిసుండాలి. దాని రెండు తీగలూ ఒకేసారి ముట్టుకుంటే ఎవరూ ఆపలేరు. ఒక చెయ్యి జేబులో పెట్టుకుని కొలవమని పాతవాళ్ళు చెప్పింది ఇందుకే.

వేరియాక్ వోల్టేజీని తగ్గిస్తుంది, పెంచుతుంది, అంతే. మామూలు వేరియాక్‌లో ఉన్నది ఒకే చుట్ట కాబట్టి అది ఐసొలేట్ చెయ్యదు. ఏళ్ళ తరబడి మూలన పడున్న సెట్టుకి మెల్లగా వోల్టేజీ పెంచుతూ పోతే కెపాసిటర్లు కోలుకుంటాయన్న మాట విని చాలామంది ముందు దీన్నే కొంటారు. రెక్టిఫయర్ వాల్వు ఉన్న సెట్టులో ఫిలమెంటు తగినంత వేడెక్కేదాకా కెపాసిటర్లకి వోల్టేజీ వెళ్ళనే వెళ్ళదు, కాబట్టి ఆ మెల్లదనం అనుకున్నట్టు పనిచెయ్యదు. నేనైతే పాత ఎలక్ట్రోలిటిక్‌లు మార్చేసి, సీరీస్ బల్బు మీద సెట్టుని లేపుతాను. డబ్బు ఒకదానికే ఉంటే సీరీస్ బల్బు చేసుకుని, మిగిలింది ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్‌కి దాచండి. వేరియాక్ లేకపోయినా గడిచిపోతుంది.

పవర్ సప్లై

ఇక్కడ లీనియర్ సప్లైకే నా ఓటు. స్విచింగ్ సప్లై తేలికగా, చవకగా ఉంటుంది, కానీ దాని రొద మీడియం వేవ్ బ్యాండులోకి వచ్చి పడుతుంది. రేడియో గుర్రుమంటుంటే జబ్బు సెట్టుదో సప్లైదో తేల్చుకోలేక తలనొప్పి. 30 వోల్టులు, 3 ఆంపియర్లు అని రాసున్న లీనియర్ సప్లై రేడియోలకి ఎక్కువే. చూడాల్సింది కరెంటు ఎంత సన్నగా చూపిస్తుందన్నది. చిన్న ట్రాన్సిస్టర్ సెట్టు వాల్యూమ్ తగ్గించి ఉంచితే 10 నుంచి 20 మిల్లీఆంపియర్లు లాగుతుంది. డిస్‌ప్లే 10 మిల్లీఆంపియర్ల మెట్లలో కదిలేదైతే 15కీ 24కీ తేడా తెలియదు. అప్పుడు మల్టీమీటర్‌ని సీరీస్‌లో పెట్టుకోవాల్సిందే. కరెంటు లిమిట్ 100 మిల్లీఆంపియర్ల దగ్గర పెట్టి మొదలుపెడితే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు షార్ట్ అయినా పొగ రాదు. సప్లై కొనే వీలు ఇప్పుడు లేకపోతే కొత్త బ్యాటరీలు పెట్టండి. వాటికంటే నిశ్శబ్దమైన సప్లై లేదు.

సిగ్నల్ ఎక్కడినుంచి తేవాలి

స్కోపుకంటే ముందు సిగ్నల్ జనరేటర్ కొనమని నేను గట్టిగా చెప్తాను. స్కోపు ఉన్నదాన్ని చూపిస్తుంది. మూగబోయిన రేడియోలో చూడ్డానికి ఏమీ ఉండదు. సిగ్నల్ మనమే ఎక్కించి, స్పీకర్‌ నుంచి వెనక్కి ఒక్కో స్టేజీ జరుగుతూ పోతే, ఎక్కడ గొంతు ఆగిపోయిందో అక్కడే జబ్బు. వినడానికి చెవి ఉంది కదా.

డబ్బే పెట్టక్కర్లేని సిగ్నల్ సోర్సు ఒకటుంది, పక్కనే బాగా పనిచేస్తున్న ఇంకో రేడియో. మామూలు మీడియం వేవ్ సెట్లలో ఐఎఫ్, అంటే ఏ స్టేషన్‌నైనా రేడియో లోపల మార్చుకునే మధ్యస్థ ఫ్రీక్వెన్సీ, 455 కిలోహెర్ట్జ్, ఆసిలేటర్ స్టేషన్ కంటే అంత పైన నడుస్తుంది. జబ్బు సెట్టుని 1000 దగ్గర పెడితే దాని ఆసిలేటర్ 1455 దగ్గర ఉండాలి. మంచి రేడియోని దగ్గరగా పెట్టి 1455 చుట్టుపక్కల మెల్లగా తిప్పండి. కుయ్యిమన్నా, గరగర హఠాత్తుగా ఆగిపోయినా జబ్బు సెట్టు ఆసిలేటర్ బతికే ఉంది. ఎఫ్ఎంలోనూ ఇదే కిటుకు, కాకపోతే తేడా 10.7 మెగాహెర్ట్జ్. 95 దగ్గర పెట్టిన సెట్టు 105.7 దగ్గర రెండో రేడియో నోరు నొక్కేస్తుంది. ఏ తీగా తగిలించకుండా, ఆసిలేటర్ మీద చిటికెడు బరువు కూడా వెయ్యకుండా చేసే పరీక్ష ఇది.

దీని తరవాతి మెట్టు సిగ్నల్ ఇంజెక్టర్. రెండు ట్రాన్సిస్టర్ల మల్టీవైబ్రేటర్, పెన్ను సైజు. 1 కిలోహెర్ట్జ్ చదరపు తరంగం, దాని హార్మోనిక్స్ (రెట్ల ఫ్రీక్వెన్సీలు) మెగాహెర్ట్జ్‌ల దాకా పాకుతాయి కాబట్టి ఆడియోలోనూ ఐఎఫ్‌లోనూ పలుకుతుంది. ఏ స్టేజీ చచ్చిందో ఇట్టే చెప్తుంది. అలైన్‌మెంట్‌కి మాత్రం పనికిరాదు.

అలైన్‌మెంట్‌కి జనరేటరే కావాలి. ఇక్కడ పోటీ పాత ఆర్ఎఫ్ జనరేటర్‌కీ తరంగాన్ని అంకెలతో తయారుచేసే కొత్త డీడీఎస్ ఫంక్షన్ జనరేటర్‌కీ. పాతదానిలో నాబ్ తిప్పితే ఫ్రీక్వెన్సీ జారినట్టు మెత్తగా వెళ్తుంది, తరంగం మీద వినబడే కూత ఎక్కించే మాడ్యులేషన్ లోపలే ఉంటుంది, సిగ్నల్‌ని తగ్గించే అటెన్యుయేటర్ ఉంటుంది. డయల్ మీద 455 అని ఉన్నచోట నిజంగా 455 ఉంటుందన్న హామీ లేదు, వేడెక్కేకొద్దీ జరుగుతుంది కూడా. డీడీఎస్‌లో ఎంత నొక్కితే అంతే వస్తుంది, కదలదు. దాని లోపం వేరే చోట ఉంది. చాలా వాటిలో అతి తక్కువ అవుట్‌పుట్ కూడా 1 మిల్లీవోల్టు చుట్టుపక్కలే. మీడియం వేవ్ సెట్టుకి అది పెద్ద సిగ్నల్. ఏజీసీ వెంటనే గెయిన్ బిగించేస్తుంది, మీరు కోరు ఎటు తిప్పినా ముల్లు కదలదు, శిఖరం ఎక్కడో తెలియదు. కాబట్టి డీడీఎస్‌తో పాటు 20, 40 డెసిబెల్స్ అటెన్యుయేటర్లు కూడా తెచ్చుకోండి. 40 డెసిబెల్స్ అంటే వోల్టేజీ వందో వంతు, 1 మిల్లీవోల్టు 10 మైక్రోవోల్టులవుతుంది. ఇంకో జాగ్రత్త, మరీ చవక వాటిలో ఏఎం మాడ్యులేషన్ ఉండదు. 400 హెర్ట్జ్ లేదా 1 కిలోహెర్ట్జ్‌తో 30 శాతం మాడ్యులేషన్ ఇస్తుందో లేదో చూసి తీసుకోండి.

సిగ్నల్‌ని సెట్టులోకి ఎలా పంపుతున్నారన్నది పరికరం ఎంపికంత ముఖ్యం. ఫెర్రైట్ రాడ్ (లోపలి యాంటెనా కడ్డీ) ఉన్న సెట్టుకి తీగ నేరుగా తగిలిస్తే ఆ ట్యూనింగే చెదిరిపోతుంది. వైరుని అరచేతి వెడల్పున మూడు నాలుగు చుట్లు చుట్టి, జనరేటర్‌కి కలిపి, రాడ్‌కి కొంచెం దూరంలో పెట్టండి. సిగ్నల్ తగ్గించాలంటే చుట్టని దూరం జరపడమే. కోరు తిప్పడానికి ప్లాస్టిక్ అలైన్‌మెంట్ టూల్ తప్పనిసరి. ఇనుప స్క్రూడ్రైవర్ పెడితే కాయిల్ విలువ మారుతుంది, దాన్ని తియ్యగానే మీరు చేసిన ట్యూనింగు పోతుంది. పైగా కోరు పగిలితే ఆ ఐఎఫ్‌టీ పని దాదాపు అయిపోయినట్టే.

మీ పని ఎక్కువగా ఏఎం సెట్ల మీదైతే 20, 30 మెగాహెర్ట్జ్‌ల జనరేటర్ బోలెడు, ఎఫ్ఎం ఐఎఫ్ 10.7 కూడా అందులోనే వస్తుంది. ఎఫ్ఎం బ్యాండు 88 నుంచి 108 దాకా కావాలంటేనే ఖరీదు పెరుగుతుంది. అక్కడ బయటి స్టేషన్లతోనే డయల్ సరిచూసుకోవచ్చు కాబట్టి దానికోసం తొందరపడక్కర్లేదు.

ఇప్పుడు ఆసిలోస్కోపు

అరచేతిలో పట్టే కిట్ స్కోపులు కొన్ని 200 కిలోహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతాయి. అంటే 455 కూడా చూడలేవు. ఆడియో డిస్టార్షన్ చూసుకోడానికి సరే, రేడియో స్కోపు అని వాటిని కొనొద్దు.

అసలు పోటీ వాడిన 20 మెగాహెర్ట్జ్ అనలాగ్‌కీ కొత్త 50, 100 మెగాహెర్ట్జ్ డిజిటల్‌కీ. మాడ్యులేట్ అయిన ఏఎం తరంగాన్ని అనలాగ్ తెర మీద చూడ్డం కంటికి ఎంత హాయో చెప్పలేను. ఉన్నది ఉన్నట్టు కనబడుతుంది. డిజిటల్‌లో మెమరీ తక్కువగా ఉండి, టైమ్‌బేస్ నెమ్మదిగా పెడితే, శాంపిళ్ళు చాలక లేని తరంగం ఒకటి తెర మీద నింపాదిగా నిలబడుతుంది. అందుకే డిజిటల్ కొనేవాళ్ళు మెగాహెర్ట్జ్ కంటే ముందు మెమరీ డెప్త్ చూడాలి. మరోపక్క అనలాగ్ బరువు, పాతబడ్డ కెపాసిటర్లు, పిక్చర్ ట్యూబు పోతే ఇంకోటి దొరక్కపోవడం. మొదటి స్కోపే రిపేరుకొస్తే రేడియో ఎప్పుడు చేస్తారు? బాగా పనిచేస్తున్నది కళ్ళారా చూసి తీసుకునే వీలుంటే అనలాగ్, లేకపోతే డిజిటల్ రెండు చానళ్ళది.

ఏది కొన్నా ప్రోబ్ స్విచ్ ×10 దగ్గరే పెట్టి వదిలెయ్యండి. అప్పుడు లోడు 10 మెగాఓమ్‌లు, 10 నుంచి 20 పికోఫారడ్ల లోపు. ఆ కాస్తకి కూడా ఆసిలేటర్ ఫ్రీక్వెన్సీ కొంచెం జరుగుతుంది, కాబట్టి కాయిల్ మీద నేరుగా పెట్టకుండా, సర్క్యూట్‌లో వీలైతే ఎమిటర్ లాంటి తక్కువ ఇంపీడెన్స్ చోట చూడండి. వాల్వు సెట్టు హెచ్‌టీ (వాల్వులకి అందే ఎక్కువ డీసీ వోల్టేజీ) 250 వోల్టుల పైన ఉండొచ్చు, ప్రోబ్ రేటింగు చదవకుండా యానోడ్ మీద పెట్టొద్దు.

కెపాసిటర్లకి ఏది

ఈఎస్ఆర్ (కెపాసిటర్ లోపలి సీరీస్ రెసిస్టెన్స్) కొలిచే మీటర్ ఎలక్ట్రోలిటిక్‌ని బోర్డు మీదే ఉంచి, సుమారు 100 కిలోహెర్ట్జ్‌తో చూస్తుంది. నా ఎండిపోయిన 10 మైక్రోఫారడ్‌ని ఇది అరనిమిషంలో పట్టేసేది. ట్రాన్సిస్టర్ సెట్లు చేసేవాళ్ళకి మల్టీమీటర్ తరవాత ఇంత ఉపయోగపడే చిన్న వస్తువు ఇంకోటి లేదు. పిన్నులు ఎలా పెట్టినా ట్రాన్సిస్టరో డయోడో తనే చెప్పే కాంపొనెంట్ టెస్టర్లలోనూ ఈఎస్ఆర్ కనబడుతుంది, కానీ వాటికి పార్టుని బోర్డు మీంచి విప్పి పెట్టాలి. కెపాసిటర్‌లో చార్జి మిగిలి ఉంటే టెస్టర్ అక్కడికక్కడే పోతుంది. కాయిల్, కెపాసిటర్, రెసిస్టెన్స్ విలువలు కొలిచే ఎల్‌సీఆర్ మీటర్ కాయిళ్ళు చుట్టుకునేవాళ్ళకి. మిగతావాళ్ళు ఆగొచ్చు.

ఈఎస్ఆర్ మీటర్‌కి కనబడని జబ్బు లీకేజీ. వాల్వు సెట్లలో కొంప ముంచేది అదే. అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్‌కి వచ్చే పాత పేపర్ కప్లింగ్ కెపాసిటర్ చిన్న వోల్టేజీ దగ్గర బాగానే ఉన్నట్టు నటిస్తుంది, హెచ్‌టీ పడగానే కారుతుంది. దీనికి ప్రత్యేకం ఏమీ కొనక్కర్లేదు. సెట్టు ఆపి, కెపాసిటర్లు డిస్‌చార్జ్ చేసి, గ్రిడ్ వైపు కాలు విప్పండి. ఆ విప్పిన కాలుకీ చాసిస్‌కీ మధ్య డిజిటల్ మీటర్ క్లిప్పులు తగిలించి, చేతులు తీసి, సెట్టు వెయ్యండి. మీటర్ 10 మెగాఓమ్‌లది కాబట్టి 20 వోల్టులు చూపిస్తే 2 మైక్రోఆంపియర్లు కారుతున్నట్టు. గ్రిడ్ దగ్గర 470 కిలోఓమ్‌ల రెసిస్టెన్స్ ఉంటే అది దాదాపు 1 వోల్టు పాజిటివ్. వాల్వు బయాస్ (గ్రిడ్‌కి ఉండాల్సిన నెగటివ్ వోల్టేజీ) అంతమేర పోతుంది, సెట్టు వేడెక్కేకొద్దీ ఇంకా పోతుంది. చివరికి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ దాకా వస్తుంది. నేనైతే ఆ ఒక్క కెపాసిటర్‌ని కొలవకముందే మార్చేస్తాను.

నానోవీఎన్ఏ (చిన్న నెట్‌వర్క్ ఎనలైజర్), టైనీఎస్ఏ (చిన్న స్పెక్ట్రమ్ ఎనలైజర్) లాంటివి ముద్దొచ్చే పరికరాలే. ఫిల్టర్ ఆకారం తెర మీద గీసి చూపిస్తాయి. కానీ వాటి పోర్టులు 50 ఓమ్‌లవి. 10.7 సిరామిక్ ఫిల్టర్‌కి 330 ఓమ్‌లు కావాలి కాబట్టి రెండు వైపులా 280 ఓమ్‌ల దరిదాపు రెసిస్టెన్సులు సీరీస్‌లో పెట్టకపోతే గీత తప్పుడుగా వస్తుంది. డీసీ ఉన్న చోట నేరుగా పెడితే వాటి ప్రాణం పోతుంది. ఏడాది పనిచేశాక కూడా కావాలనిపిస్తే అప్పుడు చూడండి. వాల్వు టెస్టర్ అసలే వద్దు, వాల్వు పిన్నుల దగ్గర వోల్టేజీలు కొలిస్తే చాలావరకు తెలిసిపోతుంది. దాని బదులు 8 ఓమ్‌ల 10 వాట్ల రెసిస్టెన్స్ ఒకటి స్పీకర్ స్థానంలో పెట్టుకోడానికి ఉంచుకోండి. వాల్వు సెట్టుని స్పీకర్ లోడు లేకుండా ఎప్పుడూ నడపకూడదు.

బ్యాటరీ సెట్లవాళ్ళకి నేను చెప్పే వరస డిజిటల్ మీటర్, ఈఎస్ఆర్ మీటర్, జనరేటర్, లీనియర్ సప్లై, ఆ తరవాత స్కోపు. వాల్వు సెట్లవాళ్ళకి మీటర్‌తో పాటే సీరీస్ బల్బు, వెంటనే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్, జనరేటర్ ఆ పైన.

వాడిన జనరేటర్ కొనడానికి వెళ్తుంటే జేబులో చిన్న రేడియో ఒకటి పెట్టుకెళ్ళండి. జనరేటర్‌ని 1000 కిలోహెర్ట్జ్ దగ్గర మాడ్యులేషన్‌తో వేసి, రేడియోని అక్కడికే తిప్పి ఆ కూత వినండి. తరవాత జనరేటర్ అవుట్‌పుట్ వైరు ఊడదీసి, అటెన్యుయేటర్ పూర్తిగా తగ్గించి, రేడియోని మూరెడు దూరంలో పట్టుకోండి. కూత ఇంకా గట్టిగానే వినబడుతుంటే దాని పెట్టెలోంచే సిగ్నల్ కారుతోంది, అటెన్యుయేటర్ ఎంత తగ్గించినా మీ ఏజీసీ నిద్రపోదు. అలాంటిది ఎంత అందంగా ఉన్నా అక్కడే వదిలేసి రండి.